మార్చిలో విరగబూసిన టేబుల్ రోజ్ మే నెలలో ఎందుకు ఆగిపోయింది?

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇదండి. హైదరాబాద్‌లో అపార్ట్‌మెంట్ మూడో అంతస్తు, దక్షిణం వైపు బాల్కనీ. ఫిబ్రవరిలో నర్సరీ నుంచి టేబుల్ రోజ్ తెచ్చి, రైలింగ్‌కి లోపలి వైపు వరసగా కుండీల్లో పెట్టారు. మార్చిలో బాగా పూసింది. ఏప్రిల్‌లో పూలు తగ్గాయి, మే సగానికి పూర్తిగా ఆగిపోయాయి. ఇప్పుడు జూన్‌లో కాడలు సన్నగా సాగి కిందికి వేలాడుతున్నాయి. అక్కడక్కడా మొగ్గ కట్టినా విచ్చుకోకుండానే ఎండిపోతోంది. రోజూ నీళ్లు పోస్తున్నారు, వారానికోసారి ఎరువు నీళ్లు కూడా ఇస్తున్నారు. ఏ ఎరువు వేస్తే మళ్లీ పూస్తుంది, లేకపోతే ఈ రకమే మంచిది కాదా, పారేసి వేరేవి కొనాలా అన్నది మీ సందేహం. ఇది గంగవాయిలి కూర లాంటిదే, వండుకోవచ్చని మీ అత్తగారు అన్న మాట నిజమేనా అని కూడా అడిగారు.

ముందు జవాబు చెప్పేస్తాను. ఎరువు ఆపేయండి. కొత్త మొక్కలు కొనకండి. మీ మొక్కకు ఎండ అందడం లేదు, జబ్బు అదొక్కటే.

నడి ఎండాకాలంలో, అదీ హైదరాబాద్‌లో ఎండ అందకపోవడమేమిటని మీకు అనిపిస్తుంది. దక్షిణం బాల్కనీ ఉన్నవాళ్లలో చాలామంది నన్ను ఇదే ప్రశ్న అడిగారు. వేడి వేరు, ఎండ వేరు. మే నెలలో మీ బాల్కనీలో నిలబడలేనంత వేడి ఉంటుంది, కానీ మొక్క మీద నేరుగా పడే ఎండ దాదాపు ఉండదు.

ఎందుకో చూడండి. డిసెంబర్ 21 తర్వాత సూర్యుడు రోజురోజుకూ ఉత్తరం వైపు జరుగుతాడు. చలికాలంలో మధ్యాహ్నపు సూర్యుడు దక్షిణాన కిందుగా ఉంటాడు కాబట్టి కిరణాలు ఏటవాలుగా మీ బాల్కనీ లోపలి దాకా వస్తాయి. మీ పైనున్న ఇంటి బాల్కనీ స్లాబు మీ నేల నుంచి పదడుగుల ఎత్తులో ఉందనుకుందాం. డిసెంబర్ చివర్లో మిట్టమధ్యాహ్నం ఎండ స్లాబు అంచు నుంచి సుమారు ఎనిమిదిన్నర అడుగులు లోపలికి వస్తుంది. ఫిబ్రవరి మధ్యలో అది 6 అడుగుల లోపు. మార్చి 21కి 3 అడుగులు. ఏప్రిల్ 20 వచ్చేసరికి ఒక్క అడుగు. అది కూడా నేల మీద లెక్క. రైలింగ్ దిగువన గోడ కట్టి ఉంటే నేల మీద పెట్టిన కుండీకి ఆ అడుగు కూడా దక్కదు.

హైదరాబాద్‌లో మే 9 ప్రాంతంలో సూర్యుడు సరిగ్గా నడినెత్తి మీదికి వస్తాడు. నిలువు కర్రకు నీడ పడని రోజు అది, పేపర్లలో, టీవీలో కూడా చూపిస్తారు. మళ్లీ ఆగస్టు 3 ప్రాంతంలో అలాగే వస్తాడు. ఆ రెండు తేదీల మధ్య మధ్యాహ్నపు సూర్యుడు మనకు ఉత్తరం వైపు ఉంటాడు. అంటే మీ బిల్డింగ్‌కి వెనకవైపు. పొద్దున ఉదయించేది ఈశాన్యంలో, సాయంత్రం అస్తమించేది వాయవ్యంలో. ఆ మూడు నెలలు దక్షిణం గోడ మీద నేరుగా ఎండ పడే వేళంటూ ఉండదు. విజయవాడ, విశాఖల్లో కూడా కొద్ది రోజుల తేడాతో ఇదే పరిస్థితి.

ఇప్పుడు మీ మొక్క చరిత్ర దీని పక్కన పెట్టి చూడండి. మార్చిలో బాగా పూయడం, ఏప్రిల్‌లో తగ్గడం, మే సగానికి ఆగిపోవడం, అన్నీ ఎండ వెనక్కి జరిగిన తేదీలతో సరిపోతున్నాయి. మొక్క జాతిలో లోపం ఉంటే మార్చిలో అలా పూసేది కాదు.

ఈ మొక్కకు ఇంత ఎండ ఎందుకు కావాలి?

టేబుల్ రోజ్, గడ్డి గులాబీ, నాచు గులాబీ అని మనం పిలిచేది పోర్చులాకా గ్రాండిఫ్లోరా. సొంతూరు దక్షిణ అమెరికా. అర్జెంటీనాలో ఆండీస్ కొండల దిగువన మెండోజా వైపు పొడి ఇసుక నేలల్లో జాన్ గిల్లీస్ అనే స్కాట్లండ్ వైద్యుడు దీన్ని సేకరించాడు. 1829లో విలియం జాక్సన్ హుకర్ దీనికి శాస్త్రీయ నామం పెట్టాడు. మెండోజాలో ఏడాదికి కురిసే వాన సుమారు 200 మిల్లీమీటర్లు. హైదరాబాద్‌లో 800 మిల్లీమీటర్ల దాకా పడుతుంది. ఇసుక నేల, చెట్టు నీడ లేని మైదానం, అరుదైన వాన, అక్కడ బతకడానికి తయారైన మొక్క ఇది. అందుకే నేలబారున పాకుతుంది, ఆకుల్లో, కాడల్లో నీళ్లు దాచుకుంటుంది.

ఇంకో సంగతి కూడా ఉంది. ఎండను ఆహారంగా మార్చుకునే పద్ధతిలో ఈ మొక్క మొక్కజొన్న, జొన్న, చెరకు వర్గానికి చెందింది. వృక్షశాస్త్రంలో సీ4 అంటారు. ఈ వర్గం మొక్కలు మండే ఎండలో మిగతావాటి కన్నా బాగా పనిచేస్తాయి, నీడలో మాత్రం చతికిలపడతాయి. నీళ్లు దొరకనప్పుడు పోర్చులాకాలు ఇంకో పని కూడా చేయగలవు. కలబంద, బ్రహ్మజెముడు లాగా రాత్రిపూట ఆకు రంధ్రాలు తెరిచి గాలి పీల్చి దాచుకుని, పగలు మూసుకుని నీళ్లు ఆదా చేస్తాయి. ఈ రెండు శక్తులూ ఒకే మొక్కలో ఉండడం చాలా అరుదు. అందుకే నీళ్లు ఒకటి రెండు రోజులు మరిచినా ఇది క్షమిస్తుంది, ఎండ తగ్గితే క్షమించదు.

నా అనుభవంలో లెక్క ఇది. రోజుకు ఆరు గంటలు, అంతకుమించి నేరుగా ఎండ తగిలితే కుండీ నిండా పూస్తుంది. నాలుగైదు గంటలు, అదీ పొద్దున ఎండ అయితే ఓ మోస్తరుగా పూస్తుంది. మూడు గంటల లోపైతే ఆకులు పెరుగుతాయి, పూలు రావు. వెలుతురు బాగానే వస్తోందండీ అని చాలామంది అంటారు. పుస్తకం చదువుకోగలిగే వెలుతురు మనకు చాలు, దీనికి చాలదు.

ఎండ ఎంతసేపు పడుతుందో ఊహించుకోవద్దు, చూడండి. మబ్బులేని రోజున గంటకోసారి కుండీ దగ్గరికి వెళ్లి మట్టికి జానెడు ఎత్తులో చేయి పెట్టండి. వేళ్ల నీడ అంచులు స్పష్టంగా, గీత గీసినట్టు పడితే అది ఎండ. నీడ మసకగా ఉంటే అది వెలుతురు మాత్రమే. స్పష్టమైన నీడ పడిన గంటలు లెక్కపెట్టుకోండి. ఇదే పని డిసెంబర్‌లో ఒకసారి, మేలో ఒకసారి చేస్తే మీ బాల్కనీ గురించి ఏ నర్సరీవాడికన్నా మీకే ఎక్కువ తెలుస్తుంది.

తూర్పు బాల్కనీ ఉన్నవాళ్లు ఈ మొక్కకు అదృష్టవంతులు. పొద్దుటి ఎండ ఏడాది పొడవునా వస్తుంది, పువ్వు విచ్చుకునే వేళా అదే. పడమటి బాల్కనీలో ఆకు, కాడ బాగానే ఉంటాయి కానీ పువ్వు ఆలస్యంగా తెరుచుకుంటుంది, కొన్నిసార్లు సగమే తెరుచుకుని సాయంత్రానికి ముడుచుకుంటుంది. అన్నిటికన్నా మంచి చోటు మేడ మీద.

ఇప్పుడు జూన్‌లో మీరు చేయాల్సింది

మేడ మీద కుండీలు పెట్టుకోవడానికి మీ అసోసియేషన్ వాళ్లు ఒప్పుకుంటే ఈ వారమే పైకి మార్చండి. ఒక్కసారిగా నడి ఎండలో పెట్టకండి. రెండు నెలలుగా నీడకు అలవాటుపడ్డ ఆకు కమిలిపోతుంది. మొదట నాలుగైదు రోజులు పదింటి వరకు ఎండ పడే చోట, తర్వాత పూర్తి ఎండలోకి.

మేడ కుదరకపోతే ఇంటికి ఉత్తరం వైపు ఏముందో చూడండి. దక్షిణం బాల్కనీ ఉన్న చాలా ఫ్లాట్లలో వంటింటి వెనక బట్టలు ఆరేసుకునే బాల్కనీ ఉత్తరానికి ఉంటుంది. మే నుంచి జూలై వరకు పొద్దున, సాయంత్రం ఎండ ఆ వైపే పడుతుంది. మా బంధువుల ఇంట్లో ఇలాగే చేయించాను. ఏప్రిల్ చివర్లో కుండీలు వెనక్కి, సెప్టెంబర్‌లో మళ్లీ ముందుకు. వెనక బాల్కనీలో కుండీ నిండా పూయకపోయినా మొక్క పొట్టిగా, గట్టిగా ఉంటుంది, రోజూ కొన్ని పూలు చూస్తారు.

ఇవేవీ వీలుకాకపోతే మొక్కను బతికించుకోవడమే లక్ష్యంగా పెట్టుకోండి. ఉన్నంతలో వెలుతురు ఎక్కువ ఉన్న అంచున పెట్టి, నీళ్లు బాగా తగ్గించి, సెప్టెంబర్ దాకా లాక్కురండి. అక్టోబర్ నుంచి మార్చి దాకా మీ బాల్కనీకి బ్రహ్మాండమైన ఎండ వస్తుంది. డిసెంబర్, జనవరి చలికి పూలు కొంచెం తగ్గుతాయి, చిన్నవవుతాయి, అది మామూలే. ఫిబ్రవరిలో మళ్లీ పుంజుకుంటుంది. దక్షిణం బాల్కనీకి ఇది చలికాలపు మొక్క, మేడకు ఎండాకాలపు మొక్క అని గుర్తుపెట్టుకోండి. వేసవి మూడు నెలలు మీ బాల్కనీ అంచున మనీప్లాంట్ లాంటి నీడ మొక్కలు పెట్టుకుంటే సరిపోతుంది.

చోటు ఏదైనా సరే, ఈ సాగిపోయిన కాడలను కత్తిరించాలి. సాగిన కాడ మళ్లీ పొట్టిది కాదు. కణుపుకీ కణుపుకీ మధ్య ఎడం ఒకసారి పెరిగాక అంతే. కుండీ అంచు నుంచి రెండు మూడు అంగుళాలు ఉంచి మిగతాది కత్తెరతో తీసేయండి. మిగిలిన మోడుకు కొన్ని ఆకులైనా ఉండాలి, మరీ బోడిగా చేస్తే ఈ తేమ రోజుల్లో చిగురు వేయకుండానే కుళ్లొచ్చు. ఎండ పడే చోటైతే కోసిన ప్రతి కాడా పక్క నుంచి రెండు మూడు చిగుళ్లు వేస్తుంది. పువ్వు ఎప్పుడూ కొమ్మ చివరే వస్తుంది కాబట్టి చివరలు ఎన్ని ఉంటే అన్ని పూలు. బాగున్న మొక్కను కూడా రెండు నెలలకోసారి ఇలా కత్తిరిస్తే గుబురుగా ఉంటుంది. కత్తిరించాక మూడు నాలుగు వారాలు పూలు కనబడవు, కంగారుపడకండి. అన్ని కుండీలూ ఒకేసారి కత్తిరించకుండా సగం ఇప్పుడు, సగం నెల తర్వాత చేస్తే బాల్కనీ బోసిపోదు.

కోసిన ముక్కలు పారేయకండి, ప్రతి ముక్కా ఒక మొక్కే. చూపుడు వేలంత పొడవు ముక్కలు చేసి, కింది సగం ఆకులు దూసేసి, కోసిన చోటు ఆరేవరకు ఒక పూట నీడలో వదిలేయండి. తర్వాత కొద్దిగా తడిగా ఉన్న మట్టిలో పుల్లతో గుంట చేసి గుచ్చండి. ఎనిమిది అంగుళాల కుండీలో ఒక్కటే పెడితే నిండడానికి నెలలు పడుతుంది, అయిదారు గుచ్చండి. మూడు నాలుగు రోజులు నీడలో ఉంచి ఎండలోకి మార్చండి. వారం పది రోజుల్లో వేళ్లు పడతాయి. వేళ్లు పట్టాయా లేదా అని లాగి చూడకండి, చివర కొత్త ఆకు కనబడితే పట్టినట్టే. వేళ్ల హార్మోన్ పొడి కొనాల్సిన పని లేదు, ఈ మొక్కకు అది దండగ ఖర్చు.

మట్టి, నీళ్లు

నర్సరీ నుంచి వచ్చిన మొక్క చాలావరకు కోకోపీట్‌లోనో (కొబ్బరి పీచు పొడి), బిర్రుగా ఉండే బంకమట్టిలోనో ఉంటుంది. రెండూ దీనికి పనికిరావు. కోకోపీట్ నీళ్లు పట్టి ఉంచుతుంది, బంకమట్టి వేళ్లకు గాలి ఆడనివ్వదు. నేను వాడేది ఎర్రమట్టి రెండు పాళ్లు, దొడ్డు ఇసుక రెండు పాళ్లు, బాగా మాగిన పశువుల ఎరువు లేదా వర్మీ కంపోస్ట్ ఒక పాలు. ఏటి ఇసుక దొరక్క రోబో శాండ్ వాడుతుంటే ముందు దాన్ని బక్కెట్లో వేసి రెండు మూడుసార్లు కడిగి పైన తేలే బూడిద లాంటి దుమ్ము పారబోయండి. ఆ దుమ్ముతోనే వేస్తే మట్టి సిమెంట్‌లా గడ్డకడుతుంది. నల్లరేగడి తప్ప ఏమీ దొరకని చోట ఇసుక పాలు ఇంకా పెంచండి.

మట్టి సరిగ్గా కలిసిందో లేదో కుండీలో నింపాక ఒక చెంబు నీళ్లు పోసి చూడండి. కాసేపట్లోనే కింది రంధ్రాల నుంచి కారిపోవాలి. పైన మడుగు కట్టి నిలబడితే ఇంకా ఇసుక కలపాలి. వేళ్లు లోతుకు పోవు కాబట్టి ఆరంగుళాల లోతు, వెడల్పాటి మూతి ఉన్న కుండీ చాలు. మట్టి కుండీ అయితే మరీ మంచిది. నల్ల ప్లాస్టిక్ కుండీని మే నెలలో మేడ కాంక్రీటు మీద నేరుగా పెడితే వేళ్లు ఉడికిపోతాయి. కింద రెండు ఇటుకలు పెట్టండి.

నీళ్లు రోజూ పోయాలా అంటే, దానికి క్యాలెండర్ లేదు. వేలు ఒక అంగుళం లోపలికి పెట్టి చూడండి, పొడిగా ఉంటే పోయండి, తడిగా ఉంటే వద్దు. మేడ మీద, చిన్న కుండీ, మే నెల అయితే రోజూ అవసరం కావొచ్చు. మీ బాల్కనీలో ఇప్పుడు నాలుగైదు రోజులకోసారి చాలు. మొక్క కూడా చెబుతుంది. ఆకు ముడతపడి వడలినట్టుంటే దాహం. ఆకు పసుపు పచ్చగా, అవతలిది కనబడేంత పల్చగా మారి, ముట్టుకుంటే రాలిపోతుంటే నీళ్లు ఎక్కువైనట్టు. మొదటిది ఒక చెంబు నీళ్లతో సాయంత్రానికి తేరుకుంటుంది. రెండోది వేళ్లదాకా పోయిందంటే తేరుకోదు. మొదలు మెత్తబడిందంటే పైన బాగున్న చివరలు కోసి కొత్త మట్టిలో గుచ్చుకోవడమే మార్గం.

వానాకాలమే దీనికి అసలు గండం. ఎండకు చచ్చిన టేబుల్ రోజ్ నేను పెద్దగా చూడలేదు, వానకు చచ్చినవి లెక్కలేనన్ని. మూడు నాలుగు రోజులు ముసురు పట్టి, మట్టి ఆరకుండా ఉంటే మొదలు దగ్గర నల్లబడి ఒక్కసారిగా పడిపోతుంది. కోస్తా జిల్లాల్లో అక్టోబర్, నవంబర్ వాయుగుండాల వానలు కూడా ఉంటాయి కాబట్టి అక్కడివాళ్లు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. కుండీ కింది ప్లేట్లు తీసేయండి. రంధ్రాలు మూసుకుపోలేదని చూసుకోండి. ముసురు పట్టిన రోజుల్లో కుండీలను స్లాబు కిందికి జరపండి. ఆ నాలుగు రోజులు ఎండ లేకపోయినా పరవాలేదు. అన్నిటికన్నా ముఖ్యంగా, ప్రతి రంగు నుంచీ నాలుగు ముక్కలు చిన్న కప్పుల్లో గుచ్చి వాన పడని కిటికీ దగ్గర ఉంచుకోండి. కుండీ పోయినా రంగు పోదు.

మబ్బు పట్టిన రోజున మొగ్గలు విచ్చుకోకపోతే అది జబ్బు కాదు. ఈ పువ్వు తెరుచుకోవడానికి వెలుగుతో పాటు వేడి కూడా కావాలి. ఒక్కో పువ్వు ఆయుష్షు ఒక్క పూటే. పొద్దున తెరుచుకుని మధ్యాహ్నానికో, సాయంత్రానికో ముడుచుకుంటుంది. మరీ ఎండగా ఉన్న రోజుల్లో ఇంకా ముందే ముడుచుకుంటుంది. రేపటికి వేరే మొగ్గ సిద్ధంగా ఉంటుంది.

ఇంట్లో పిల్లలుంటే ఒకటి చూపించండి. పువ్వు పూర్తిగా విచ్చుకున్నాక మధ్యలో ఉన్న పసుపు కేసరాలను చీపురు పుల్లతో సుతారంగా ఒక వైపు తాకండి. కాసేపట్లో అవి తాకిన వైపుకే వంగుతాయి. తేనెటీగ వాలినప్పుడు దాని ఒంటికి పుప్పొడి బాగా అంటుకోవడానికి మొక్క చేసుకున్న ఏర్పాటు అది. ఒంటి రేకల పూలలో బాగా కనిపిస్తుంది. ముద్ద పూలలో కేసరాలు చాలావరకు రేకలుగా మారిపోయి ఉంటాయి.

ఎరువు, పురుగు

మీరు వారం వారం ఇస్తున్న ఎరువు వల్ల మేలు జరగకపోగా కీడే జరిగింది. ఎండ లేని చోట నత్రజని అందితే మొక్క కాడ సాగదీస్తుంది. ఆ మెత్తటి కాడ అంటే పురుగుకు ఇష్టం. మట్టిలో కలిపిన పశువుల ఎరువు రెండు మూడు నెలలు చాలు. ఆ తర్వాత, అదీ పూర్తి ఎండలో ఉండి చురుగ్గా పెరుగుతున్న మొక్కకైతే, నెలకోసారి గుప్పెడు వర్మీ కంపోస్ట్ పైన చల్లితే సరిపోతుంది. రసాయన ఎరువే వాడాలనుకుంటే 19-19-19ని (నత్రజని, భాస్వరం, పొటాష్ సమపాళ్లలో ఉండే ఎరువు) లీటరు నీళ్లకు ఒక గ్రాముకు మించకుండా, ఇరవై రోజులకోసారి, మట్టి తడిగా ఉన్నప్పుడే పోయండి. అరటి తొక్కల నీళ్లు, ఉల్లిపాయ తొక్కల నీళ్లు అని వీడియోల్లో చూపిస్తారు. అవి పోసినవాళ్లకు పూస్తున్నది ఎండ వల్ల. పులిసిన నీళ్ల వల్ల ఈగలు రావడమే నేను ఎక్కువగా చూశాను.

పురుగుల్లో మిమ్మల్ని ఇబ్బంది పెట్టేది పిండినల్లి. ఆకుల మొదట్లో, కాడ కణుపుల దగ్గర తెల్లగా దూది అంటించినట్టు కనిపిస్తుంది. పత్తి చేలను పీడించే పిండినల్లే ఈ మొక్క మీదా బతుకుతుంది, మందారం మీద నుంచి కూడా పాకుతుంది. తక్కువగా ఉన్నప్పుడే పాత టూత్ బ్రష్‌తో సబ్బు నీళ్లలో ముంచి తుడిచేయండి. ఎక్కువైతే లీటరు నీళ్లకు 5 మిల్లీలీటర్ల వేపనూనె, నాలుగు చుక్కల సబ్బు ద్రవం కలిపి సాయంత్రం పూట పిచికారీ చేయండి, వారం తర్వాత మళ్లీ ఒకసారి. ఎండలో చేస్తే ఆకు మాడుతుంది. బాగా పట్టేసిన కుండీనైతే కాపాడాలని చూడకుండా, శుభ్రంగా ఉన్న చివరలు కోసి కడిగి గుచ్చుకుని మిగతాది కవర్లో కట్టి పారేయండి. పక్క కుండీలకు పాకకుండా ఉండాలంటే అదే మంచిది. ఒకవేళ దూది లేకుండా ఆకులు కొరికేసినట్టు కనిపిస్తే రాత్రిపూట టార్చ్‌తో చూడండి, నత్తో లద్దె పురుగో దొరుకుతుంది.

కొత్త రంగులు కావాలంటే కొమ్మలు అడిగి తెచ్చుకోవడమే మేలు. గింజలతో కూడా వస్తుంది. పువ్వు రాలాక కట్టే బుల్లి కాయ పండితే పైన మూతలా ఊడిపోతుంది, లోపల ఉక్కు రంగులో మెరిసే ఇసుక రేణువుల్లాంటి గింజలుంటాయి. వాటిని తడి మట్టి మీద చల్లి వదిలేయాలి, పైన మట్టి కప్పకూడదు. మొలకెత్తడానికి వెలుతురు కావాలి. ఒకటి రెండు వారాల్లో మొలుస్తాయి. ముద్ద పూల మొక్క గింజలు వేస్తే అన్నీ ముద్ద పూలే వస్తాయని నమ్మకం లేదు, ఒంటి రేకలవీ వస్తాయి. అందుకే నచ్చిన ముద్ద రంగును కొమ్మతోనే కాపాడుకోవాలి. అమెరికాలో ఉన్న మనవాళ్లు మాత్రం గింజలు దాచుకోవాల్సిందే. మంచు పడితే మొక్క చచ్చిపోతుంది, వసంతంలో మంచు భయం పూర్తిగా పోయాక మళ్లీ వేసుకోవాలి.

ఆన్‌లైన్‌లో నీలం రంగు టేబుల్ రోజ్ గింజలని ఫోటోలు పెట్టి అమ్ముతుంటారు. కొనకండి, నీలం టేబుల్ రోజ్ లేదు. బీట్‌రూట్, ఎర్ర తోటకూర, కాగితం పూలకు రంగునిచ్చే బీటలైన్లనే పదార్థాలే దీని పూలకూ రంగునిస్తాయి. వాటితో ఎరుపు, గులాబీ, ఊదా, నారింజ, పసుపు వస్తాయి, నీలం రాదు.

మీరు పెట్టిన రెండో ఫోటోలో ఆకులు సన్నగా, గుండ్రంగా సూదుల్లా కాకుండా చెంచాల్లా వెడల్పుగా ఉన్నాయి. అది టేబుల్ రోజ్ కాదు, దాని దాయాది. పోర్చులాకా అంబ్రాటికోలా నుంచి వచ్చిన రకం. నర్సరీల్లో రెండింటినీ పోర్చులాకా అనే అమ్ముతారు. పూలు ఒంటి రేకలతో పెద్దగా ఉంటాయి. పెంపకం ఇదే. కాకపోతే అది ఇంకా వేగంగా పాకుతుంది కాబట్టి వేలాడే కుండీలకు బాగుంటుంది.

ఇక మీ అత్తగారి మాట. ఆవిడ చుట్టరికం సరిగ్గానే పట్టుకున్నారు. గంగవాయిలి కూర, ఆంధ్రలో పావిలి కూర, పాయల కూర అంటారు, అది పోర్చులాకా ఒలరేసియా. ఒకే కుటుంబం, ఒకే ప్రజాతి. పప్పులో వేసి చింతపండు పులుపుతో వండితే కొద్దిగా జిగటగా, పుల్లగా బాగుంటుంది. దాని ఆకు బల్లపరుపుగా ఉంటుంది, పువ్వు చిన్నగా పసుపు రంగులో ఉంటుంది. కానీ మీ కుండీల్లో ఉన్నది కూర మొక్క కాదు, పూల కోసం పెంచినది. నర్సరీలో దాని మీద ఏ మందులు కొట్టారో మనకు తెలియదు. దాన్ని వండుకోవద్దు. గంగవాయిలి కూరే కావాలంటే బజారులో తాజా కట్ట కొని, ఆకులు వంటకు తీసుకుని నాలుగు కాడలు ఇదే ఇసుక మట్టిలో గుచ్చండి, అదీ ఇలాగే పడుతుంది. దానిలో కూడా పాలకూరలో లాగే ఆక్సలేట్లు ఎక్కువ, కిడ్నీలో రాళ్లు ఉన్నవాళ్లు డాక్టర్‌ని అడిగి తినడం మంచిది. ఇంట్లో పిల్లి, కుక్క ఉంటే ఈ కుండీలు వాటి నోటికి అందకుండా పెట్టండి, ఆ ఆక్సలేట్లు వాటికి పడవు.

కుండీలు ఎక్కడికి మార్చారో చెప్పి, కత్తిరించిన మూడు వారాలకు ఒక ఫోటో పెట్టండి. చిగుళ్లు ఎలా వచ్చాయో చూస్తే ఆ చోట ఎండ సరిపోతుందో లేదో చెప్పగలను.